అక్వేరియం చేపల ఫోటోలు తీయడం ఎలా? వెంటపడకండి, కాచుకోండి

"కంటికి ఇంత అందంగా కనిపించే చేప ఫోటోలో మసక మరకలా ఎందుకు వస్తోంది?" అక్వేరియం పెట్టుకున్నవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. దాని వెనకే రెండోది కూడా వస్తుంది: "ఏ కెమెరా కొనమంటారు?" రెండోదానికి ముందు జవాబు చెప్పేస్తాను. ప్రస్తుతానికి ఏదీ కొనకండి, చేతిలో ఉన్న ఫోన్ చాలు. అక్వేరియం ఫోటోలు కెమెరా వల్ల చెడిపోయేది తక్కువ. గాజు మీద మరకలు, గదిలో వెలిగే లైట్లు, చేప ఎటు పోతే అటు తిరిగే చెయ్యి, చాలావరకు ఈ మూడింటివల్లే పాడవుతాయి.

పద్ధతి మొత్తం ఒక్క ముక్కలో చెప్పాలంటే ఇదీ: చేప ఎక్కడికి మళ్లీ మళ్లీ వస్తుందో ముందు కనిపెట్టండి, అక్కడ ఫోకస్ పెట్టుకుని కూర్చోండి, అది వచ్చినప్పుడు నొక్కండి. మిగతాదంతా ఆ చోటును సిద్ధం చేసుకోవడమే.

ఏమేం కావాలి

- ఫోన్, లేదా మాన్యువల్ సెట్టింగులున్న ఏ కెమెరా అయినా సరే. కెమెరాతో వచ్చే 18-55 లెన్స్‌తో మొదలుపెట్టొచ్చు. చిన్న చేపలంటే మరీ ఇష్టమైతే తర్వాతెప్పుడైనా 60 నుంచి 100 మి.మీ. మధ్య మాక్రో లెన్స్ (చిన్నవాటిని బాగా దగ్గరగా తీసేది) ఒకటి చూసుకోండి.
- రెండు మెత్తని గుడ్డలు. ఒకటి తడిపి తుడవడానికి, ఒకటి పొడిగా.
- లోపలి గాజు గీకడానికి మ్యాగ్నెట్ క్లీనర్ గానీ స్పాంజి గానీ.
- ట్యాంక్ వెనక పెట్టడానికి నల్ల చార్ట్ పేపర్.
- ఒక నల్ల గుడ్డ లేదా నల్ల టీషర్టు.
- కూర్చోవడానికి తక్కువ ఎత్తు స్టూలు. నవ్వకండి, ఈ జాబితాలో నిజంగా తేడా తెచ్చేది ఇదే. వంగి నిలబడితే ఐదు నిమిషాల్లో నడుము పట్టేస్తుంది, ఇక కాచుకునే ఓపిక ఉండదు.

ట్రైపాడ్ తప్పనిసరి కాదు. చేతి వణుకును అది ఆపుతుంది గానీ చేప కదలికను ఆపదు. మొత్తం ట్యాంక్ ఫోటో తీసేటప్పుడు మాత్రం బాగా పనికొస్తుంది. ప్రతిఫలనాలు పోతాయని పోలరైజర్ ఫిల్టర్ కొనేవాళ్లున్నారు. గాజును పక్కవాటంగా చూసినప్పుడే అది పనిచేస్తుంది. మనం తీయాల్సిందేమో గాజుకు నేరుగా ఎదురుగా. పైగా అది వెలుగును బాగా తినేస్తుంది. వద్దు.

1. ముందు కెమెరా లేకుండా చూడండి

ట్యాంక్ ముందు ఒక పావుగంట ఊరికే కూర్చోండి. ప్రతి చేపకూ ఒక దారి ఉంటుంది. ఏంజెల్ ఫిష్ ఫలానా మొక్క దగ్గరికి వచ్చి ఆగి, వెనక్కి తిరుగుతుంది. గౌరామి గాలి మింగడానికి పైకి వచ్చి, మళ్లీ అదే మూలకు దిగుతుంది. కోరిడోరస్ అడుగున ఇసుకలో మూతి పెట్టి వెతుక్కుంటూ ఉండి, ఉన్నట్టుండి నిటారుగా పైకి దూసుకెళ్లి ఒక్క గుక్క గాలి మింగి కిందికి వచ్చేస్తుంది. దాన్ని పైకి వెళ్లేటప్పుడు పట్టుకోవాలని చూడకండి. దిగాక ఎక్కడ వాలుతుందో చూడండి.

రెండు మూడు చోట్లు గుర్తుపెట్టుకోండి. చేప నెమ్మదించే చోటు, తిరిగే చోటు, ముందు గాజుకు దగ్గరగా వచ్చే చోటు. ముందు గాజు నుంచి నాలుగైదు అంగుళాల లోపలైతే ఇంకా మంచిది. మధ్యలో నీళ్లు ఎంత తక్కువుంటే ఫోటో అంత తేటగా వస్తుంది.

ఈ పావుగంట వల్ల ఇంకో లాభం కూడా ఉంది. చేపలు మీకు అలవాటు పడతాయి. గదిలోకి రాగానే ఫోన్ చాచితే చాలా చేపలు వెనక్కి పోయి దాక్కుంటాయి. కొంతసేపు కదలకుండా కూర్చున్న మనిషిని పట్టించుకోవు.

2. నీళ్లు మార్చే పని ముందు రోజే చేయండి

ఫోటోలు తీసే రోజే నీళ్లు మారిస్తే రెండు ఇబ్బందులు. అడుగు కదిలి చెత్త పైకి లేస్తుంది. కొత్త నీళ్లలోని గాలి సన్నని బుడగలై గాజుకూ ఆకులకూ, ఒక్కోసారి చేపలకూ అంటుకుంటుంది. అందుకని ముందు రోజే నాలుగో వంతు నీళ్లు మార్చి, అడుగున ఉన్న చెత్తను గొట్టంతో లాగేసి (సైఫన్ చేసి) వదిలేయండి. తెల్లారేసరికి నీళ్లు తేటపడతాయి.

హెచ్చరిక: ఫోటో బాగా రావాలని నీళ్లన్నీ ఒకేసారి మార్చేయకండి. ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద కడగకండి. కుళాయి నీళ్లలోని క్లోరిన్ ఫిల్టర్‌లో పెరిగిన మంచి బ్యాక్టీరియాను చంపేస్తుంది. ట్యాంక్ నుంచి తీసిన నీళ్లలోనే పిండి పెట్టండి. కొత్త నీళ్లకు డీక్లోరినేటర్ (క్లోరిన్‌ను పోగొట్టే మందు) కలపడం మరచిపోవద్దు.

3. గాజు రెండు వైపులా తుడవండి

కంటికి కనిపించని వేలిముద్ర ఫోటోలో తెల్లటి పొరలా వచ్చేస్తుంది. లోపలి నాచును ముందు రోజే గీకేయండి. బయటివైపు ఉత్త నీళ్లతో తడిపిన గుడ్డతో తుడిచి, వెంటనే పొడి గుడ్డతో ఆరబెట్టండి. అంచుల్లో పేరుకున్న తెల్లటి సున్నపు చారలు నీళ్లకు పోకపోతే గుడ్డకు కొంచెం వెనిగర్ అద్ది రుద్దండి, ఆ తర్వాత ఉత్త నీళ్లతో తుడిచేయండి.

కిటికీ అద్దాలకు వాడే స్ప్రేలు ట్యాంక్ దగ్గర కొట్టకండి. చాలావాటిలో అమోనియా ఉంటుంది, ఆ తుంపర నీళ్లలో పడితే చేపలకు ప్రమాదం.

మీది అక్రిలిక్ (గాజులా కనిపించే ప్లాస్టిక్) ట్యాంక్ అయితే బ్లేడు గానీ గట్టి స్క్రబ్బర్ గానీ తాకించకండి. అది చాలా తేలిగ్గా గీతలు పడుతుంది, ఆ గీతలన్నీ ఫోటోలో మెరుస్తాయి. గాజు ట్యాంక్‌లో కూడా మ్యాగ్నెట్ క్లీనర్‌కూ గాజుకూ మధ్య ఇసుక రేణువు ఇరుక్కుందేమో చూసుకుని జరపండి.

అన్నట్టు, ఫోన్ లెన్స్ తుడిచారా? జేబులోంచి తీసిన ఫోన్ లెన్స్ మీద జిడ్డు ఉండనే ఉంటుంది. గాజంతా తళతళా తుడిచి దీన్ని మరచిపోతుంటారు.

4. గది చీకటి, ట్యాంక్ వెలుగు

ట్యాంక్ లైటు తప్ప గదిలో ఏదీ వెలగకూడదు. ట్యూబ్‌లైటు, టీవీ, కంప్యూటర్ తెర, ఛార్జర్ మీది చిన్న దీపం, అన్నీ ఆపండి. కిటికీ ఎదురుగా ఉంటే పరదా వేయండి, లేదా రాత్రి తీయండి. నల్ల గుడ్డను వెనక కుర్చీ మీద పరిస్తే ఇంకా మంచిది. మీరు ముదురు రంగు చొక్కా వేసుకుంటే గాజులో మీ నీడ కూడా కనిపించదు.

ఇక్కడ చేపల సంగతి కూడా చూడాలి. వాటికి కనురెప్పలు లేవు. చీకట్లో నిద్రపోతున్న ట్యాంక్‌లో ఒక్కసారిగా లైటు వేస్తే బెదిరి గాజుకు కొట్టుకుంటాయి, మూత లేకపోతే బయటికి దూకేస్తాయి కూడా. ముందు గది లైటు వేయండి, కాసేపయ్యాక ట్యాంక్ లైటు వేయండి, ఆ తర్వాత గది లైటు తీసేయండి. పని అయ్యాక ఇదే వరుసను వెనక నుంచి పాటించండి.

ట్యాంక్ లైటు వేయగానే ఫోటోలు మొదలుపెట్టకండి. నియాన్ టెట్రా లాంటివి రాత్రి రంగు బాగా తగ్గించుకుంటాయి. లైటు వేశాక ఆ నీలం గీత, ఎరుపు మళ్లీ నిండుగా రావడానికి సమయం పడుతుంది. అరగంట ఆగితే మంచిది.

వెలుగు ఎంత ఉంటే అంత మంచిది. మసక ఫోటోల్లో చాలావాటికి అసలు కారణం వెలుగు చాలకపోవడమే. మీ లైటుకు డిమ్మర్ ఉంటే పూర్తిగా పెంచండి. చదువుకునే ఎల్‌ఈడీ దీపం ఒకటి ఉంటే పైనుంచి, కొంచెం ముందువైపుగా వెలుగు పడేలా పెట్టండి. అది నీళ్లలో పడకుండా గట్టిగా బిగించండి. కరెంటు వైర్లన్నీ సాకెట్ కన్నా కిందికి వేలాడి, ఆ తర్వాత పైకి వెళ్లేలా పెట్టాలి. అప్పుడు వైరు వెంట జారిన నీటి బొట్టు కిందే రాలిపోతుంది, సాకెట్‌లోకి చేరదు.

5. వెనక ఏముందో చూడండి

ట్యాంక్ వెనక గోడ, వైర్లు, ఫిల్టర్ పైపు కనిపిస్తుంటే ఎంత మంచి చేపైనా తేలిపోతుంది. నల్ల చార్ట్ పేపర్‌ను వెనక గాజుకు బయట నుంచి టేపుతో అంటించండి. రంగు చేపలకు నలుపే బాగుంటుంది. నల్ల మోలీ లాంటి ముదురు చేపలైతే లేత నీలం, బూడిద రంగు కాగితం పెట్టి చూడండి.

అడుగున తెల్ల రాళ్లుంటే చాలా చేపలు వెలిసినట్టు కనిపిస్తాయి. చుట్టుపక్కల రంగును బట్టి అవి తమ రంగును కొంత తగ్గించుకుంటాయి. ముదురు ఇసుక, మొక్కలు ఉన్న ట్యాంక్‌లో అదే చేప వేరే చేపలా ఉంటుంది. ఇది ఒక్క రోజులో అయ్యే పని కాదు, మీ చేప రంగు ఎందుకు రావడం లేదో అర్థం కావడానికి చెబుతున్నాను.

6. బుడగలు, ప్రవాహం కాసేపు ఆపండి

ఎయిర్ పంప్ బుడగలు ఫోటోలో తెల్ల చుక్కలుగా పడతాయి. ఫిల్టర్ ప్రవాహానికి మొక్కలు ఊగుతాయి, పొడవాటి రెక్కల బెట్టా అయితే ఎదురీదడానికి అవస్థ పడుతుంది. రెండింటినీ ఓ పావుగంట, ఇరవై నిమిషాలు ఆపొచ్చు. అంతకు మించి వద్దు. చేపలు కిక్కిరిసి ఉన్న ట్యాంక్‌లో అసలు ఆపొద్దు, చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటే వెంటనే వేసేయండి.

ఆపేటప్పుడే ఫోన్‌లో అలారం పెట్టుకోండి. ఫోటోల ధ్యాసలో పడి ఫిల్టర్ వేయడం మరచిపోవడం చాలా మామూలు. తెల్లారాక గుర్తొచ్చేసరికి ట్యాంక్ పరిస్థితి వేరేగా ఉంటుంది.

7. లెన్స్‌ను గాజుకు నేరుగా పెట్టండి

పక్కనుంచి, పైనుంచి వాటంగా తీస్తే నీళ్లలోనూ గాజులోనూ వెలుగు వంగి చేప అంచులు మసకబారతాయి, రంగు అంచులు కూడా పడతాయి. ఎంత మంచి లెన్స్ పెట్టినా ఇది పోదు. చేప ఎంత ఎత్తులో ఉందో మీ లెన్స్ అంత ఎత్తుకు రావాలి. స్టూలు అందుకే.

ఫోన్ అయితే గాజుకు దాదాపు తాకేంత దగ్గరగా పెట్టొచ్చు. అప్పుడు ప్రతిఫలనాలు పూర్తిగా పోతాయి. అయితే చేప మరీ ముందుకు వస్తే ఫోకస్ అందదు. కొంచెం వెనక నుంచి తీయాలంటే నల్ల చార్ట్ ముక్కకు లెన్స్ పట్టేంత రంధ్రం చేసి, అందులోంచి తీయండి. కెమెరా అయితే మెత్తని రబ్బరు లెన్స్ హుడ్ గాజుకు ఆనించి తీయొచ్చు. గట్టి ప్లాస్టిక్ హుడ్‌ను ఆనించేటప్పుడు మెల్లగా. ఆ టక్కుమనే చప్పుడుకే చేపలు చెదిరిపోతాయి.

గాజు మీద వేలితో తట్టి చేపను పిలవకండి. పక్కన పిల్లలుంటే ముందే చెప్పి కూర్చోబెట్టండి.

8. సెట్టింగులు

ఫోన్‌లో:

- మెయిన్ లెన్స్ వాడండి. 2ఎక్స్ లేదా 3ఎక్స్‌కు విడిగా లెన్స్ ఉంటే, వెలుగు బాగా ఉన్నప్పుడు అదీ మంచిదే. వేళ్లతో సాగదీసే డిజిటల్ జూమ్ వద్దు. తర్వాత క్రాప్ చేసుకోవచ్చు.
- దగ్గరికి వెళ్లగానే కొన్ని ఫోన్లు తమంతట తామే మాక్రోకు, అంటే అల్ట్రావైడ్ లెన్స్‌కు మారిపోతాయి. ఆ లెన్స్‌కు వెలుగు అందేది తక్కువ. ఆటో మాక్రో ఆపేయండి.
- నైట్ మోడ్ ఆపేయండి. అది షట్టర్‌ను ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది, చేప దెయ్యంలా సాగిపోతుంది. పోర్ట్రెయిట్ మోడ్ కూడా వద్దు. పారదర్శకంగా ఉండే రెక్కలను అది కత్తిరించేస్తుంది.
- ఫోన్ ఫ్లాష్ ఆఫ్. గాజుకు తగిలి నేరుగా వెనక్కి వచ్చేస్తుంది.
- తెర మీద కాసేపు నొక్కి పట్టుకుంటే ఫోకస్, ఎక్స్‌పోజర్ (ఫోటోలో పడే వెలుగు) లాక్ అవుతాయి. తర్వాత వెలుగును కొంచెం కిందికి జరపండి. వెనక నలుపు చూసి ఫోన్ మొత్తాన్ని తెల్లగా చేయాలనుకుంటుంది. అలా వదిలేస్తే చేప పొలుసుల మీద వివరమే ఉండదు.
- ప్రో మోడ్ ఉంటే షట్టర్ స్పీడ్ మీరే పెట్టుకోండి, అంకెలు కింద కెమెరా దగ్గర చెప్పాను.

కెమెరాలో: ముందు షట్టర్ స్పీడ్, అంటే షట్టర్ ఎంతసేపు తెరిచి ఉండాలో నిర్ణయించుకోండి, మిగతావి దాని వెంట వస్తాయి. ఏంజెల్ ఫిష్, డిస్కస్, గౌరామి లాంటి నెమ్మది చేపలకు 1/125 సెకను చాలు. టెట్రాలు, గప్పీలకు 1/250. జీబ్రా డానియోలు, బార్బ్‌లు క్షణం ఆగవు, వాటికి 1/500 అయినా ఉండాలి. అపర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం) ఎఫ్/5.6 దగ్గర మొదలుపెట్టండి. దానికి తగ్గట్టు ఐఎస్ఓ (కెమెరా వెలుగును ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) 1600, 3200 దాకా వెళ్లినా భయపడకండి. ఐఎస్ఓ పెంచితే వచ్చే గరుకును తర్వాత తగ్గించుకోవచ్చు. సాగిపోయిన చేపను మాత్రం ఎవరూ సరిచేయలేరు.

రంగులు: మొక్కల కోసం వాడే ఎల్‌ఈడీలో ఎరుపు, నీలం ఎక్కువగా ఉండి ఫోటో అంతా గులాబీ రంగులోకి పోతుంది. లైటు రంగు మార్చే వీలుంటే తెలుపు పెట్టండి. ట్యాంక్ లైటు కింద ఒక తెల్ల ప్లాస్టిక్ స్పూను పట్టుకుని, దాన్ని చూపించి వైట్ బ్యాలెన్స్ (తెలుపును తెలుపుగా చూపే సెట్టింగు) సెట్ చేయండి. రా ఫైల్ (కెమెరా మార్పులు చేయని ముడి ఫైల్) తీసే వీలుంటే తీయండి, రంగు తర్వాత సరిచేసుకోవడం చాలా సులువవుతుంది.

అడ్డంగా చారలు పడుతున్నాయా? అది లైటు మినుకు. చాలా ఎల్‌ఈడీలు డిమ్ చేసినప్పుడు కంటికి తెలియనంత వేగంగా వెలిగి ఆరుతుంటాయి. డిమ్మర్‌ను పూర్తిగా పెంచితే చాలాసార్లు పోతుంది. పోకపోతే కరెంటు 50 హెర్ట్జ్ ఉన్న చోట 1/100, 60 హెర్ట్జ్ ఉన్న చోట 1/120 పెట్టి నెమ్మది చేపలను తీయండి.

9. కాచుకోండి

మొదటి అంచెలో గుర్తుపెట్టుకున్న చోటుకు ఎదురుగా కూర్చోండి. ఆ చోట ఉన్న ఆకు మీదో రాయి మీదో ఫోకస్ పెట్టి లాక్ చేయండి. ఇక చెయ్యి కదపొద్దు. మోచేతులు మోకాళ్ల మీద ఆనించండి. చేప ఫ్రేములోకి రావడానికి కొంచెం ముందే బర్స్ట్ (వరసగా గబగబా ఫోటోలు తీయడం) మొదలుపెట్టి, అది దాటిపోయేదాకా తీయండి.

ఎప్పుడు నొక్కాలి? చేప పక్కభాగం మీకు పూర్తిగా కనిపిస్తూ, గాజుకు సమాంతరంగా ఉన్నప్పుడు. అప్పుడు మూతి నుంచి తోక దాకా ఒకే ఫోకస్‌లో ఉంటుంది. రెక్కలు విచ్చుకుని ఉండాలి. కన్ను మాత్రం తప్పకుండా స్పష్టంగా ఉండాలి. తోక మసకైనా చూసేవాళ్లు ఊరుకుంటారు, కన్ను మసకైతే ఫోటో పోయినట్టే.

వెంటపడితే ఏమవుతుందో ఒకసారి గమనించండి. మీ చెయ్యి కదులుతుంది, ఆటోఫోకస్ వెనక మొక్క మీదికి జారుతుంది, చేప ఏమో మిమ్మల్ని తప్పించుకోవడానికి తోక తిప్పి పారిపోతుంది. అందుకే అలా తీసిన ఫోటోల్లో సగం తోకలే ఉంటాయి.

మేతతో కొంత సాయం తీసుకోవచ్చు. ఉదయం మేత మానేసి, ఫోటోల సమయంలో మీరు అనుకున్న చోట చిటికెడు వేయండి. ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపలకు ఒక పూట మేత లేకపోతే ఏమీ కాదు. చేప పిల్లలకు మాత్రం మాన్పించకండి. మేత ముక్కలు నీళ్లలో తేలుతున్నప్పుడు తీస్తే అవీ ఫోటోలో పడతాయి. చేపలు తినేసి, ఇంకా వస్తుందేమోనని అక్కడే తచ్చాడే ఒకటి రెండు నిమిషాలున్నాయే, మంచి ఫోటోలన్నీ అప్పుడే వస్తాయి.

బెట్టా రెక్కలు విప్పాలంటే చిన్న అద్దం చూపిస్తారు. తన నీడనే ప్రత్యర్థి అనుకుని మొప్పలు విచ్చి నిలబడుతుంది. ఒకటి రెండు నిమిషాల్లో అద్దం తీసేయండి. బాగుంది కదా అని పదే పదే చూపిస్తే చేప అలసిపోతుంది.

కాచుకోవడం కుదరని హడావుడి చేపలకు ఒక ప్రత్యామ్నాయం: 4కె వీడియో తీసి, అందులోంచి మంచి ఫ్రేమును ఫోటోగా తీసుకోండి. ఫోటో అంత నాణ్యత రాదు గానీ తెర మీద చూసుకోవడానికి చాలు. సెకనుకు 60 ఫ్రేములు పెడితే దొరికే అవకాశం పెరుగుతుంది.

10. ఫ్లాష్ ఉంటే

ఇది కెమెరా వాడేవాళ్లకే, మొదట్లో వదిలేయొచ్చు. కెమెరా మీది ఫ్లాష్‌ను నేరుగా వాడకండి. విడిగా పెట్టే ఫ్లాష్‌కు వైర్‌లెస్ ట్రిగ్గర్ తగిలించి, ట్యాంక్ పైన, కొంచెం ముందువైపుగా, కిందికి చూసేలా పెట్టండి. మధ్యలో తెల్ల కాగితం అడ్డుపెడితే వెలుగు మెత్తబడుతుంది. షట్టర్ 1/200, అపర్చర్ ఎఫ్/8, ఐఎస్ఓ 200 నుంచి 400. ఫ్లాష్ పవర్ తగ్గించిన కొద్దీ అది వెలిగే నిడివి కూడా తగ్గుతుంది, అందుకే డానియోను కూడా కదలకుండా పట్టేస్తుంది.

ఫ్లాష్ కింద గాజు మూత తప్పకుండా ఉండాలి. నీళ్ల మీద ఏ ఆధారమూ లేకుండా వేలాడదీయకండి. గదిని పూర్తిగా చీకటి చేసి ఫ్లాష్ కొట్టకండి, ట్యాంక్ లైటు వెలుగుతూనే ఉండాలి. చేపలు ప్రతి ఫ్లాష్‌కూ ఉలిక్కిపడుతుంటే ఆపేయండి.

వెండి రంగు చేపలకు పైనుంచి ఫ్లాష్ పడితే పొలుసులు అద్దంలా మెరిసి తెల్ల మచ్చలైపోతాయి. వాటికి పవర్ తగ్గించండి, కాగితం ఇంకా పెద్దది పెట్టండి.

11. లేచే ముందే సరిచూసుకోండి

పది పదిహేను ఫోటోలు తీయగానే ఆగి, బాగున్నట్టు అనిపించిన దాన్ని పూర్తిగా జూమ్ చేసి కన్ను చూడండి. చిన్న తెర మీద అన్నీ బాగానే కనిపిస్తాయి. లోపం ఎలా కనిపిస్తోందో దాన్ని బట్టి కారణం పట్టుకోవచ్చు:

- మొక్కలు, రాళ్లు స్పష్టంగా ఉండి చేప మాత్రం సాగిపోయింది: షట్టర్ స్పీడ్ చాల్లేదు. వెలుగు గానీ ఐఎస్ఓ గానీ పెంచి, షట్టర్ స్పీడ్ పెంచండి.
- అన్నీ ఒకే దిక్కుకు సాగాయి: చెయ్యి కదిలింది.
- చేప మసక, వెనక ఆకు స్పష్టం: ఫోకస్ జారింది. మళ్లీ లాక్ చేయండి.
- ఫోకస్ సరిగానే ఉంది, చేప అంచుల్లో ఊదా, పచ్చ గీతలు: వాటంగా తీశారు. నేరుగా కూర్చోండి.
- ఫోటో అంతా పాలిపోయినట్టు తెల్లటి పొర: గాజు మీద మరక, లేదా గదిలో ఎక్కడో లైటు. ఫోన్‌ను గాజుకు ఆనించి ఇంకోటి తీయండి. పొర పోతే అది ప్రతిఫలనం. పోకపోతే గాజో, నీళ్లో, లెన్సో మురికిగా ఉన్నాయి.
- తెల్ల చుక్కలు: ప్రతి ఫోటోలోనూ ఒకే చోట ఉంటే గాజు మీద మరక. ఫోటో ఫోటోకూ చోటు మారుతుంటే నీళ్లలో తేలే చెత్త, కాసేపు ఆగండి. చుక్కలు చేపతో పాటే కదులుతుంటే అది ఫోటో సమస్య కాదు, చేపను జాగ్రత్తగా చూడండి.
- పొలుసుల మీద వివరం లేని తెలుపు: ఎక్స్‌పోజర్ ఒక మెట్టు తగ్గించండి.

చేపల వైపు కూడా ఓ కన్నేసి ఉంచండి. రెక్కలు ఒంటికి అంటించుకోవడం, రంగు తగ్గడం, మొప్పలు గబగబా ఆడటం, మూలకు పోయి దాక్కోవడం కనిపిస్తే ఆ రోజుకు చాలు.

12. పని అయ్యాక

ఫిల్టర్, ఎయిర్ పంప్ వేయండి. వేశామనుకుని లేచిపోకుండా, ఫిల్టర్ నుంచి నీళ్లు నిజంగా వస్తున్నాయో లేదో చూడండి. కొన్ని ఫిల్టర్లు ఆపి వేస్తే లోపల గాలి చేరి తిరగవు. హీటర్ ఆపి ఉంటే దాన్నీ వేయండి. లైట్ల టైమర్ మార్చి ఉంటే పాత సమయానికి పెట్టండి.

మొత్తం ట్యాంక్ ఫోటో

దీనికి లెక్క వేరు. ట్రైపాడ్ వాడండి, గాజు మధ్యభాగానికి ఎదురుగా, కొంచెం దూరంగా జరిగి తీయండి. దగ్గరి నుంచి వైడ్ లెన్స్‌తో తీస్తే అంచులు వంగిపోతాయి. షట్టర్ 1/60 దాకా తగ్గించినా పర్వాలేదు, దూరం నుంచి చేపల కదలిక అంతగా తెలియదు. చేపలు గుంపుగా ఒకే దిక్కుకు ఈదే క్షణం కోసం ఆగండి. పైన నీటి మట్టం మూత అంచుకన్నా కిందికి దిగి ఉంటే నింపుకోండి, ఆ ఖాళీ గీత చూడ్డానికి బాగోదు.

నీటి మీద సన్నని అలలుంటే వెలుగు కిందికి చారలుగా దిగుతుంది. అందుకోసం హెయిర్ డ్రయ్యర్ వాడేవాళ్లున్నారు. నీళ్ల మీద కరెంటు వస్తువు పట్టుకోవడం ఎందుకు? అట్టముక్కతో విసిరినా అలలొస్తాయి. పక్కన విసిరేందుకు ఇంకో మనిషి కావాలి, అంతే.

గోల్డ్‌ఫిష్ ఉన్నవాళ్లు ఒకసారి పైనుంచి కూడా తీసి చూడండి. పూర్వం చైనాలో వీటిని తొట్లలో, కుండల్లో పెట్టుకుని పైనుంచే చూసేవారు. గుండ్రని ఒళ్లు, పరుచుకున్న జంట తోక అటునుంచే బాగా కనిపిస్తాయి. మూత తీసి, ఫిల్టర్ ఆపి, నీరు కదలకుండా అయ్యాక నేరుగా పైనుంచి తీయండి. ఫోన్‌కు తాడు కట్టి మెడలో వేసుకోవడం మరచిపోకండి.

ఎడిటింగ్ ఎంతవరకు

క్రాప్, వైట్ బ్యాలెన్స్, కొంచెం కాంట్రాస్ట్, నీళ్లలోని చుక్కలు చెరపడం, ఇంతే. క్రాప్ చేసేటప్పుడు చేప చూస్తున్న వైపు ఎక్కువ ఖాళీ వదలండి. రంగు గాఢత పెంచే మీట జోలికి మాత్రం ఆచితూచి వెళ్లండి. ఎడిట్ చేసిన ఫోటోను ట్యాంక్ పక్కన పెట్టి చూడండి. ట్యాంక్‌లోని చేప కన్నా ఫోటోలోని చేప ఎర్రగా ఉంటే వెనక్కి తగ్గించండి.

ఫోటోలతో ఇంకో ఉపయోగం

వారానికోసారి ప్రతి చేపకూ రెండు వైపులా ఒక్కో మామూలు ఫోటో తీసి, తేదీతో దాచిపెట్టండి. రోజూ చూసే కంటికి నెమ్మదిగా వచ్చే మార్పు తెలియదు. పాత ఫోటో పక్కన పెడితే రెక్క అంచు చినిగిందా, కడుపు ఉబ్బిందా, చేప సన్నబడిందా ఇట్టే తెలిసిపోతుంది. ఒంటి మీదా రెక్కల మీదా ఉప్పు రవ్వలు చల్లినట్టుండే తెల్ల మచ్చల జబ్బు కూడా జూమ్ చేసిన ఫోటోలో ముందుగానే పట్టుబడుతుంది. పొలుసులు బయటికి లేచాయేమో అనుమానం ఉంటే పైనుంచి తీయండి, పక్కనుంచి కన్నా అలా తేలిగ్గా తెలుస్తుంది.

చేప జాతి గానీ జబ్బు గానీ తెలుసుకోవడానికి ఎవరికైనా చూపించాలంటే అందమైన ఫోటో పంపకండి. తెల్ల లైటు కింద తీసిన, ఎడిట్ చేయని పక్క ఫోటో, అనుమానం ఉన్న చోటు దగ్గరి ఫోటో, మొత్తం ట్యాంక్ ఫోటో ఒకటి పంపండి. గులాబీ లైటు కింద తీసిన ఫోటోలో మొప్పల ఎరుపు మామూలుదో, వాపుదో ఎవరూ చెప్పలేరు. దాంతో పాటు పది సెకన్ల వీడియో కూడా జతచేస్తే చేప ఎలా ఈదుతోందో, ఎంత వేగంగా ఊపిరి తీస్తోందో వాళ్లకు తెలుస్తుంది.